పరికరానికీ ఇంటిపేరు ఉంది

మనం ఇంట్లో తెలుగు మాట్లాడుతాం. వీధిలోకి వెళ్లగానే మరొక భాష మాట్లాడుతాం. హోసూరులో అది తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు అడిగిన ప్రశ్నను ఆమెకు తెలుగులో చెప్పడం, ఆమె చెప్పిన బాధను డాక్టరుకు ఆయన భాషలో చెప్పడం మీలో చాలామందికి అలవాటే. ఇలా ఇద్దరి మధ్య నిలబడి ఒకరి మాటను మరొకరికి అందించేవారిని ద్విభాషి అంటారు. కంప్యూటరు లోపల కూడా ఇలాంటి ద్విభాషులు ఉన్నాయి. వాటికి డ్రైవర్లు అని పేరు. బస్సు నడిపే డ్రైవరుకూ వీటికీ సంబంధం లేదు. ఇవి చిన్న చిన్న ప్రోగ్రాములు.

కంప్యూటరులో అనేక పరికరాలు ఉంటాయి. తెరమీద బొమ్మను చూపేది ఒకటి, శబ్దం వినిపించేది ఒకటి, ఇంటర్నెట్టుతో కలిపేది మరొకటి. ప్రింటరు, స్కానరు వంటివి బయటినుంచి తీగతో కలుస్తాయి. వీటన్నిటి చేతా పని చేయించేది ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్ద ప్రోగ్రాము. విండోస్, లినక్స్ అటువంటివి. అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసేవారు వేరు, పరికరాలను తయారు చేసేవారు వేరు. ప్రతి పరికరానికీ దానిదైన ఆజ్ఞల పద్ధతి ఉంటుంది. “ఈ పుటను అచ్చు వేయి” అని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన మాటను ఆ ప్రింటరుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చేది డ్రైవరు. “కాగితం అయిపోయింది” అని ప్రింటరు పంపిన సంకేతాన్ని తిరిగి ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేదీ అదే.

ద్విభాషి లేకపోతే

డ్రైవరు లేకపోతే పరికరం బాగానే ఉన్నా మూగదవుతుంది. స్పీకరు ఉంటుంది, పాట వినిపించదు. ఇంటర్నెట్టు తీగ తగిలించి ఉంటుంది, వార్త రాదు. తెర వెలుగుతుంది కాని అక్షరాలు లావుగా, సాగదీసినట్లుగా కనిపిస్తాయి. తెలియనివారు చూసి “ఇది పాడైపోయింది” అంటారు. కొందరు కొత్త భాగం కొంటారు. కొందరు యంత్రాన్ని మూలన పడేస్తారు.

మన బడులకు ఇది చిన్న విషయం కాదు. చాలా బడులలో ఉన్నవి ఎవరో వాడి ఇచ్చిన పాత కంప్యూటర్లు. వాటితోపాటు రావలసిన పుస్తకాలు, డిస్కులు ఎక్కడో పోయి ఉంటాయి. పైగా విండోస్ 10కి ఇచ్చే సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న ముగించింది. దానితో ఎన్నో బడులలోనూ కార్యాలయాలలోనూ పాత యంత్రాలలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించవలసిన అవసరం ఏర్పడింది. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ద్విభాషులూ మారవలసిందే. కన్నడం, తెలుగు తెలిసిన ద్విభాషి కన్నడం డాక్టరు దగ్గర ఉపయోగపడతాడు. మరాఠీ డాక్టరు దగ్గర ఏం చేయగలడు?

కాబట్టి సరైన డ్రైవరు దొరకాలంటే రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. మొదటిది: ఆ పరికరం ఏది? రెండవది: ఆపరేటింగ్ సిస్టమ్ ఏది? రెండవదానికి జవాబు సులభం. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ అన్న భాగంలో అబౌట్ అన్నచోట చూస్తే అది విండోస్ 10 అవునో, 11 అవునో, 32 బిట్లదో, 64 బిట్లదో కనిపిస్తుంది. 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవరు 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. మొదటి ప్రశ్నకు జవాబు కనుక్కోవడమే అసలు విద్య.

పైపేరు, లోపలి పేరు

పెట్టెమీద పేరు రాసి ఉంటుంది కదా, అది చూస్తే సరిపోదా? కొన్నిసార్లు సరిపోతుంది. పేరున్న సంస్థ తయారు చేసిన ల్యాప్‌టాప్ అయితే దాని అడుగు భాగాన మోడలు పేరు, వరుస సంఖ్య ఉంటాయి. ఆ సంస్థవారి వెబ్‌సైటులో మోడలు పేరు ఇస్తే కావలసిన డ్రైవర్లన్నీ ఒకేచోట దొరుకుతాయి. మొదట చూడవలసింది అదే.

కాని మన దేశంలో చాలా కంప్యూటర్లు ఒకే సంస్థ తయారు చేసినవి కావు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ముంబైలో లామింగ్టన్ రోడ్డు వంటిచోట్ల విడిభాగాలు కొని కూర్చినవి ఎన్నో ఉన్నాయి. అటువంటి వాటిలో పైపెట్టె ఒకరిది, మదర్‌బోర్డు ఒకరిది, దానిమీది చిప్పులు ఇంకొకరివి. పెట్టెమీది పేరు అందులోని శబ్దం చిప్పు గురించి ఏమీ చెప్పదు. అంతేకాదు, ఒకే చిప్పును పదిమంది తమ బోర్డులమీద అతికించి పది పేర్లతో అమ్ముతారు. ఒక్కొక్కసారి ఒకే మోడలు పేరుతో అమ్మిన యంత్రాలలో మొదటి వాటిలో ఒక చిప్పు, తరువాతి వాటిలో మరొక చిప్పు ఉంటుంది. అందుచేత పైపేరుమీద పూర్తిగా ఆధారపడలేం. పరికరం తనంతట తాను చెప్పే పేరు వినాలి.

ఇంటిపేరు ముందు, పేరు తరువాత

పరికరం తన పేరు చెబుతుందా? చెబుతుంది. కాని మొదటినుంచీ ఇలా లేదు. 1980లలో కంప్యూటరులో కొత్త కార్డు పెట్టాలంటే దానిమీది చిన్న మీటలను, పిన్నులను చేత్తో సరిచేయవలసి వచ్చేది. రెండు కార్డులు ఒకే దారిని కోరుకుంటే రెండూ పనిచేసేవి కావు. కార్డు ఏదో కనుక్కోవడానికి కంప్యూటరుకు నమ్మకమైన మార్గం ఉండేది కాదు.

1992లో ఇంటెల్ సంస్థ పీసీఐ అనే కొత్త ఏర్పాటును తెచ్చింది. అందులో ఒక మంచి నియమం ఉంది. ప్రతి పరికరమూ తన గుర్తింపు సంఖ్యలను తనలోనే రాసుకొని ఉండాలి. కంప్యూటరు అడిగినప్పుడు వాటిని చెప్పాలి. ఆ తరువాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా ఈ నియమాన్నే పాటించింది. 1996లో వచ్చిన యూఎస్‌బీ కూడా ఇటువంటి పద్ధతినే అనుసరించింది. 1995లో వచ్చిన విండోస్ 95 ఈ సంఖ్యలను చదివి, తగిన డ్రైవరును తానే వెదికే అలవాటును ఇంటింటి కంప్యూటరుకూ తెచ్చింది.

ఆ గుర్తింపులో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది చిప్పును తయారు చేసిన సంస్థ సంఖ్య. రెండవది ఆ సంస్థ తన చిప్పుకు పెట్టుకున్న సంఖ్య. మహారాష్ట్రలోనూ ఒడిశాలోనూ ఇంటిపేరు చివర వస్తుంది. తమిళనాడులో చాలామంది తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు పెట్టుకుంటారు. తెలుగువారు ఇంటిపేరు ముందు చెప్పి, తమ పేరు తరువాత చెబుతారు. పరికరాలదీ మన పద్ధతే! సంస్థ సంఖ్య ఇంటిపేరు వంటిది. చిప్పు సంఖ్య సొంత పేరు వంటిది.

ఇంటిపేర్లను ఎవరికి తోచినట్లు వారు పెట్టుకోరాదు. పీసీఐకి ఒక సంఘం, యూఎస్‌బీకి మరొక సంఘం ఉన్నాయి. అవే సంస్థలకు సంఖ్యలు కేటాయిస్తాయి. పీసీఐలో ఇంటెల్ సంస్థ ఇంటిపేరు 8086. ఇది 1978లో ఆ సంస్థ విడుదల చేసిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరే. ఎన్విడియా ఇంటిపేరు 10డీఈ. తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ ఇంటిపేరు 10ఈసీ.

అంకెల మధ్య ఈ అక్షరాలేమిటి? మనం సాధారణంగా పది గుర్తులతో లెక్కిస్తాం. ఇక్కడ పదహారు గుర్తులతో లెక్కిస్తారు. 0 నుంచి 9 వరకు పది అంకెలు, వాటి తరువాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు. ఇక్కడ వాటిని మన లిపిలో రాశాం. ఇంటిపేరుకు నాలుగు స్థానాలు ఉంటాయి. ఒక్కొక్క స్థానంలో పదహారు గుర్తులలో ఏదైనా రావచ్చు. అంటే 16 × 16 × 16 × 16 = 65,536 ఇంటిపేర్లకు చోటు ఉంది. సొంత పేరుకూ అంతే చోటు ఉంది.

ఈ రెండింటితోపాటు పరికరం తన వృత్తిని కూడా చెబుతుంది. “నేను తెరను చూపేదాన్ని”, “నేను శబ్దం పలికించేదాన్ని” అని తెలిపే సంఖ్య అది. అందుకే డ్రైవరు లేనప్పుడు కూడా విండోస్ దానిని “ఈథర్నెట్ కంట్రోలర్” అని చూపగలుగుతుంది. వృత్తి తెలిసింది, వ్యక్తి ఎవరో తెలియలేదు అన్నమాట. మరి కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవు తగిలించగానే ఎలా పనిచేస్తాయి? అటువంటి పరికరాలలో ఒక్కొక్క రకమూ ఒక ఉమ్మడి భాష మాట్లాడాలని తయారీదారులు ముందే ఒప్పుకొన్నారు. ఆ భాషలు తెలిసిన డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వస్తాయి.

పేరు అడిగే పద్ధతి

విండోస్ 10లోగాని 11లోగాని స్టార్ట్ బటనుమీద మౌస్ కుడిమీట నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో డివైస్ మేనేజర్ తెరవాలి. యంత్రంలోని పరికరాలన్నీ అక్కడ వరుసగా కనిపిస్తాయి. డ్రైవరు లేని పరికరం పక్కన పసుపు రంగు ముక్కోణంలో ఆశ్చర్యార్థకం ఉంటుంది. దానిమీద రెండుసార్లు నొక్కితే వివరాలు వస్తాయి. కోడ్ 28 అని ఉంటే డ్రైవరు ఎక్కించలేదని అర్థం. డీటెయిల్స్ అన్న భాగంలో ప్రాపర్టీ పట్టికనుంచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోవాలి. అప్పుడు కొన్ని పొడవైన వరుసలు కనిపిస్తాయి. వాటిని చూసి బెదరనక్కరలేదు. పీసీఐ పరికరమైతే “వెన్” అనే మూడక్షరాల పక్కనున్న నాలుగు గుర్తులు ఇంటిపేరు. “డెవ్” పక్కనున్న నాలుగు గుర్తులు సొంత పేరు. యూఎస్‌బీ పరికరమైతే ఇవే “విడ్”, “పిడ్” పక్కన ఉంటాయి.

లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ ఇస్తే లోపలి పరికరాల పట్టిక వస్తుంది. ఆ ఆజ్ఞ పక్కన ఒక ఖాళీ, ఒక చిన్న గీత, రెండు “ఎన్” అక్షరాలు చేరిస్తే పేర్లతోపాటు సంఖ్యలూ కనిపిస్తాయి. యూఎస్‌బీ పరికరాల కోసం ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞ ఉంది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ వంటి వాటిలోనూ ఈ ఆజ్ఞలే పనిచేస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బడిలో పాత కంప్యూటరుకు విండోస్ తిరిగి ఎక్కించారనుకోండి. అంతా బాగానే ఉంది, ఇంటర్నెట్టు మాత్రం రాలేదు. “పోర్టు పోయింది, కొత్త కార్డు కొనండి” అని ఎవరో సలహా ఇచ్చారు. ఒక విద్యార్థిని డివైస్ మేనేజర్ తెరిచి చూసింది. పసుపు గుర్తు ఉంది. హార్డ్‌వేర్ ఐడీస్‌లో “వెన్” పక్కన 10ఈసీ, “డెవ్” పక్కన 8168 అని ఉంది. ఇంటిపేరునుబట్టి అది రియల్‌టెక్ వారిదని తెలిసింది. సొంత పేరునుబట్టి అది 8111, 8168 వర్గానికి చెందిన నెట్‌వర్కు చిప్పని తేలింది. చిప్పుమీద 8111 అని అచ్చువేసి ఉన్నా అది చెప్పే పేరు 8168 కావచ్చు. ఆ వర్గమంతటికీ డ్రైవరు ఒకటే. ఇంటర్నెట్టు ఉన్న మరొక కంప్యూటరులో రియల్‌టెక్ వారి సైటునుంచి తగిన డ్రైవరును దింపుకొని, పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించారు. పసుపు గుర్తు పోయింది. కొత్త కార్డు కొనే అవసరం తప్పింది.

డ్రైవరును ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

పేరు తెలిసిన తరువాత తొందరపడి ఎక్కడ దొరికితే అక్కడినుంచి డ్రైవరు తెచ్చుకోకూడదు. దానికి ఒక క్రమం ఉంది.

మొదట ఆపరేటింగ్ సిస్టమ్‌నే వెదకనివ్వాలి. ఇంటర్నెట్టు ఉంటే విండోస్ అప్‌డేట్ చాలా డ్రైవర్లను తానే తెస్తుంది. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు దానిలోనే కలిసి ఉంటాయి.

రెండవది, ల్యాప్‌టాప్ అయితే ఆ ల్యాప్‌టాప్ తయారు చేసినవారి సైటు, కూర్చిన కంప్యూటరు అయితే మదర్‌బోర్డు తయారు చేసినవారి సైటు చూడాలి. మదర్‌బోర్డు పేరు విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బేస్‌బోర్డ్ అన్న వరుసలలో ఉంటుంది. ఒకే చిప్పును ల్యాప్‌టాప్ తయారీదారులు తమ అవసరానికి తగినట్లు అమర్చుకుంటారు. కాబట్టి శబ్దం, తెర వంటి వాటికి వారిచ్చే డ్రైవరే మేలు.

మూడవది, అక్కడా దొరకకపోతే ఇంటిపేరును పట్టుకొని చిప్పు తయారు చేసినవారి దగ్గరికే వెళ్లాలి. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే పట్టికలను స్వచ్ఛందంగా నిర్వహించేవారు ఉన్నారు. ఎవరైనా వాటిని ఉచితంగా చూడవచ్చు.

“మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఇక్కడ నొక్కండి” అని పిలిచే ప్రకటనలను నమ్మరాదు. డ్రైవరు మామూలు ఆట ప్రోగ్రాము వంటిది కాదు. చాలా డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో ఉండి పనిచేస్తాయి. చెడ్డ డ్రైవరు యంత్రాన్ని ఆపివేయగలదు. వేషం వేసుకొని వచ్చిన దొంగ ప్రోగ్రామైతే మన రహస్యాలను బయటికి పంపగలదు. ద్విభాషి నమ్మకస్థుడు కాకపోతే ఇద్దరూ మోసపోతారు కదా! అందుకే 64 బిట్ల విండోస్ ఇటువంటి డ్రైవర్లకు డిజిటల్ సంతకం ఉండాలని అడుగుతుంది.

కొత్త డ్రైవరు ఎక్కించిన తరువాత తేడా వస్తే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అన్న బటను ఉంది. అంతకుముందు వేరే డ్రైవరు ఉండి ఉంటే అది తిరిగి వస్తుంది.

పేరు చెప్పని పరికరం

ఒక్కొక్కసారి పరికరం డివైస్ మేనేజర్ పట్టికలో అసలు కనిపించదు. పసుపు గుర్తు కూడా ఉండదు. అప్పుడు డ్రైవరు కోసం వెదకడం వృథా. పిలిచినా పలకలేదంటే తీగ వదులై ఉండవచ్చు, కార్డు సరిగా కూర్చుని ఉండకపోవచ్చు, మదర్‌బోర్డు అమరికలలో దానిని ఆపివేసి ఉండవచ్చు, లేదా చిప్పే చెడిపోయి ఉండవచ్చు. యంత్రాన్ని ఆపి, విద్యుత్తు తీగను గోడనుంచి పీకి, పెద్దల సమక్షంలోనే పెట్టె తెరిచి చూడాలి. గోడకు తగిలించి ఉండగా పెట్టె తెరవడం ప్రమాదం.

పసుపు గుర్తుతోనైనా సరే, తన పేరు తాను చెప్పిన పరికరం మాట వేరు. దానికి విద్యుత్తు అందుతోంది. అడిగిన ప్రశ్నకు జవాబు ఇస్తోంది. వేరే లోపం ఉంటే ఉండవచ్చు. అయినా డ్రైవరు ఎక్కించి చూడకముందే దానిని పారవేయరాదు. ఈ ఒక్క తేడా తెలిసినవారు చాలా ఖర్చును, చాలా చెత్తను తగ్గించగలరు.

మీ బడిలో కంప్యూటర్లు ఉంటే ఒక మంచి పని చేయవచ్చు. అన్నీ పనిచేస్తున్న రోజుననే ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఒక్కొక్క యంత్రానికి ఒక పుట కేటాయించండి. తెర, శబ్దం, నెట్‌వర్కు, ప్రింటరు, ఇలా ఒక్కొక్క పరికరం ఇంటిపేరును, సొంత పేరును రాసిపెట్టండి. రేపు ఏ యంత్రం మూగబోయినా ఆ పుస్తకం అక్కరకు వస్తుంది.

కంప్యూటరు పని ఇంగ్లీషు బాగా వచ్చినవారిదే అని కొందరు భయపెడతారు. తెలుగు బడిలో చదివేవారికి అది అందదంటారు. ఈ పాఠంలో చూసిన గుర్తింపులను గమనించండి. వాటిలో పది అంకెలు, ఆరు అక్షరాలు తప్ప మరేమీ లేవు. అవి చెన్నైలోనైనా తైవాన్‌లోనైనా ఒకటే. వాటిని చదవడానికి కావలసింది ఓపిక, శ్రద్ధ. ఊహించడం మానుకొని అడగడం నేర్చుకోవాలి. అడిగితే పరికరమే తన పేరు చెబుతుంది.

అభ్యాసం

1. డ్రైవరును ద్విభాషితో ఎందుకు పోల్చారు? మీ మాటల్లో రాయండి.
2. సరైన డ్రైవరు కోసం తెలుసుకోవలసిన రెండు విషయాలేవి?
3. పెట్టెమీద ఉన్న పేరును పూర్తిగా ఎందుకు నమ్మలేం?
4. పసుపు గుర్తుతో కనిపించే పరికరానికీ, అసలు కనిపించని పరికరానికీ ఉన్న తేడా ఏమిటి?
5. మీ ఉపాధ్యాయుని సహాయంతో ఒక కంప్యూటరులోని మూడు పరికరాల ఇంటిపేర్లు, సొంత పేర్లు కనుక్కొని పట్టికగా రాయండి.
6. మీరు ఎవరికైనా ద్విభాషిగా ఉన్న సందర్భాన్ని గుర్తుచేసుకొని పది వాక్యాలు రాయండి.